తమ్ముడు చూసుకున్న తన తరగతి

చెల్లీ,

నిన్న పొద్దున్న నేను ప్రార్థన ముగించి లేచేసరికి తమ్ముడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ నవ్వుతున్నాడు. "ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాడికి పాఠం చెప్పడం నేర్పుతారటక్కా! కాలేజీలో మా అందరికీ శిక్షణట."

"నేర్చుకుంటే నువ్వేం అరిగిపోవులే" అన్నాను.

ఆ శిక్షణలో వాడికి, పోయిన వారం తీసిన తన తరగతి వీడియోనే ఇచ్చి, ఇంట్లో చూసుకుని లోపాలు చెప్పమని పంపారు. సాయంత్రం ఇద్దరం చూశాం. పాఠం బాగానే చెబుతున్నాడు. వెనక బల్ల మీద ఒకావిడ, కుట్టు దుకాణం నడుపుకుంటూ చదువుకునే మనిషట, నా ఈడుదే, అర్థం కాలేదని రెండోసారి అడిగింది.

"ఈ వయసులో ఇదంతా మీకెందుకమ్మా, హాయిగా ఇంట్లో కూర్చోక!" అన్నాడు వీడు. తరగతంతా నవ్వింది. ఆవిడ పుస్తకం మూసేసింది.

నేను మళ్ళీ చదువుకుంటానన్నప్పుడు నాన్న అన్న మాట అదే, ఆ నవ్వూ అదే. ఆ రోజు నా కోసం అలిగి అన్నం మానేసింది వీడే కదే!

"ఇలా అన్నానని నాకు గుర్తే లేదక్కా" అని తల పట్టుకున్నాడు. ఆవిడ మళ్ళీ తరగతికి రాలేదట.

మరదలితో కలిసి రాత్రే తేల్చుకున్నాం. తమ్ముడు కుట్టు దుకాణానికి వెళ్ళి ఆవిణ్ణి క్షమాపణ అడిగి మళ్ళీ తరగతికి రమ్మంటాడు, తరగతి ముందూ క్షమాపణ అడుగుతాడు. ఆ కాలేజీలో నేనూ చేరుతున్నాను. ఆవిడ తిరిగొస్తే వెనక బల్ల మీద ఆవిడ పక్కనే కూర్చుంటాను. అర్థం కాకపోతే రెండోసారీ అడుగుతాను.

మీ అక్క