రాళ్లెక్కే బండికి ఒక సున్నా ఎక్కువ

సుచిత్ర సర్కిల్,
సోమవారం.

దూలపల్లి వెల్డింగ్ షాపు యజమాని యజ్ఞనారాయణ గారికి,

నమస్కారం. మీ షాపులో పనిచేసే బాలమణి మా పక్కింట్లోనే ఉంటుంది. నలభై ఏళ్ల గ్రైండరు మోతకు మీ చెవులు దెబ్బతిన్నాయని, ఆర్డరు ఏదైనా కాగితం మీదే ఇవ్వాలని చెప్పింది. అందుకే ఈ ఉత్తరం, వెంట డ్రాయింగు.

నాకు రాళ్లెక్కే బండికి చట్రం కావాలి. బండి రిమోటుతో నడుస్తుంది. కొన్న ప్లాస్టిక్ చట్రాలు రెండు విరిగిపోయాయి. ఈసారి అల్యూమినియంతో చేయించాలని ఉంది. ఆదివారం శామీర్‌పేట రాళ్ల దగ్గర పోటీ. రెండేళ్ల కింద ఆ రాళ్ల మీదే జారి కాలు విరగ్గొట్టుకున్నాను, లోపల రాడ్డు ఉంది. మళ్లీ అటు పోలేదు. నేను ఎక్కలేని చోటికి కనీసం నా బండి ఎక్కాలని ఆశ.

మీ పని మీద నమ్మకంతో,
అశ్రిత

తా.క.: పిచ్చి పని అని మా నాన్న అంటున్నారు. మీరు అనకండి.


దూలపల్లి,
మంగళవారం.

అమ్మా అశ్రితా,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి నాకు చెమట పట్టింది. ప్లాస్టిక్ చట్రంతో రాళ్లెక్కితే కాలు విరగక ఏమవుతుంది? రిమోటు సంగతి నాకు తెలుసు. మా బోరు మోటారును ఇంట్లో కూర్చుని ఫోనుతోనే నడుపుతాను. బండినీ అలా నడిపే రోజులొచ్చాయన్నమాట. కానీ మనిషి లేని బండి జారితే? కింద మేకలుంటాయి, మేపేవాళ్లుంటారు. అప్పుడేం చేస్తావో రాయి.

అల్యూమినియం మాట మరిచిపో. ఇనుమే వేస్తాను.

నీ క్షేమం కోరే
యజ్ఞనారాయణ

తా.క.: డ్రాయింగులో చిన్న పొరపాటు కనిపించింది. నేనే సరిదిద్దాను. చదువుకున్నవాళ్లకు కూడా తొందరలో జరుగుతుంటుంది.


సుచిత్ర సర్కిల్,
బుధవారం.

యజ్ఞనారాయణ గారికి,

నమస్కారాలు. పొరపాటు స్ప్రింగు బిగించే రంధ్రం దగ్గరే కదా? నాకూ అనుమానంగానే ఉండింది. చెప్పకుండానే కనిపెట్టారు, చాలా సంతోషం.

మేకల గురించి దిగులు వద్దు. మేక తంతే నా బండే పోతుంది. తిరగబడితే ఒంటిచేత్తో ఎత్తి నిలబెడతాను, ఎన్నోసార్లు చేశాను. ఇనుము మాత్రం వద్దు సార్, బ్యాగులో మోయలేను. ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద వచ్చి తీసుకుంటాను.

ఎదురుచూస్తూ,
అశ్రిత

తా.క.: మొన్న బండి మెట్లెక్కి మా వంటగదిలోకి పోయింది. మా అమ్మ చీపురుతో ఒక్కటి కొట్టింది. రెండో చట్రం విరిగింది అలాగే.


దూలపల్లి,
శనివారం.

అమ్మా అశ్రితా,

నీ ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను. మా డీసీఎం లారీ డ్రైవరు గండయ్య, "ఒంటిచేత్తో లేపుతదా? గా పిల్ల ఎట్లుంటది?" అని బాలమణిని అడిగాడు. "గాలొస్తే వంగుతది, గంత సన్నగుంటది" అన్నది ఆమె. మీ అమ్మగారు చీపురుతో చట్రం విరగ్గొట్టారంటే మీ ఇంట్లో ఏం తింటారో రాయి, మావాళ్లు అడుగుతున్నారు.

ఇనుము వద్దన్నావు. నీ కాలు గుర్తొచ్చి వినలేదు. ఆరుగురం కలిసి డీసీఎంలోకి ఎక్కించాం. నా నడుం పట్టేసింది, పోటీకి రాలేను. నువ్వు స్కూటీ తేవద్దు. గండయ్య రేపు పొద్దున్నే శామీర్‌పేటకే తెస్తాడు. మేకలవాళ్లకు ముందే చెప్పమన్నాను.

జాగ్రత్తలు మరోసారి చెబుతూ,
యజ్ఞనారాయణ

తా.క.: రంధ్రం కాదమ్మా, సున్నా. పొడవు 300 అని రాశావు. అడుగు పొడవు బండి ఎక్కడైనా ఉంటుందా? ప్రతి కొలత పక్కనా ఒక సున్నా వేశాను. అదెంత బరువో నా నడుముకు తెలిసింది.


శామీర్‌పేట,
ఆదివారం సాయంత్రం.

బాబాయ్,

ఇలా పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం ఈ పొద్దున చెప్పులేసుకుంటుంటే బాలమణి తెచ్చి ఇచ్చింది. సున్నా దగ్గరికి వచ్చేసరికి గడపలోనే కూలబడ్డాను.

ఇక్కడికి వచ్చేసరికి గండయ్య చట్రం దించేశాడు. పదడుగుల ఇనుము. చుట్టూ జానెడు, మూరెడు బళ్లు చంకన పెట్టుకుని పోటీకి వచ్చినవాళ్లు. నేను బ్యాగులోంచి బత్తాయిలంత చక్రాలు నాలుగు తీశాను. గండయ్య వాటిని చూశాడు, చట్రాన్ని చూశాడు.

"గీ చక్రాలు గా బండికా మేడం? మేకలకేమైతదో అని రెండు దినాల సంది పరేషాన్ అయితున్న!"

నాకు ఏడుపొచ్చింది. పాపం, "ముందుగాల ఇంత తినుండ్రి" అని క్యాబిన్లోంచి టిఫిన్ డబ్బా తెచ్చాడు. డబ్బా కింద పీటలాంటిది ఒకటి ఉంది.

"ఇదేంది గండయ్యా?"

"నమూనా. పెద్దది జేసే ముందు సారు పదో వంతు చిన్నగ రేకు ముక్కతోని జేసి చూసుకుంటడు. పారెయ్యమన్నడు. డబ్బా కింద పెట్టుకుందామని తెచ్చుకున్న."

స్కేలు పెట్టి చూశాను బాబాయ్. సరిగ్గా మూడు వందల మిల్లీమీటర్లు. అల్యూమినియమే! సాంబారు తుడిచి బోల్టులు బిగిస్తే ఒక్కటీ మొరాయించలేదు. అంత ఊపిరి నేను ఎన్నడూ పీల్చుకోలేదు.

మూడో రాయి మీద బండి తిరగబడింది. పోయి నిలబెట్టాను. కింద చప్పట్లు కొడుతుంటే చూసుకున్నాను, నేనూ రాయి మీదే ఉన్నాను. కాలు నొప్పి లేదు. భయమూ లేదు, దిగేటప్పుడే కాస్త వేసింది.

మీ చేతికి దండం పెడుతూ,
అశ్రిత

తా.క.: పెద్ద చట్రాన్ని మళ్లీ ఎత్తే ఓపిక ఎవరికీ లేక, పోటీ పెట్టినవాళ్లు దాన్నే చివరి అడ్డంకి చేశారు. నా బండి అక్కడే ఇరుక్కుంది, నాలుగో స్థానం. మొదటి బహుమతి మేడ్చల్ నుంచి వచ్చిన సుప్రజకు. గండయ్య ఇంకా రాలేదని కోప్పడకండి. రిమోటు అతని చేతిలో ఉంది, ఎంత అడిగినా ఇవ్వడం లేదు.