సదరులో రంగు టైల్స్

గురువారం రాత్రి

ఇవాళ పాడేరు నుంచి ఇంజినీరుగారు వేంచేశారు. పోయినవాళ్లలో ఒక్కొక్కరి పేరున ఒక్కో రాయి పాతిన మా ఊరి సదరుకు, అదే ఊరంతా కూడే రచ్చబండకు, రంగు టైల్స్ వేస్తారట. డిగ్రీ చదివిన పాపానికి ప్లాను చదివి వినిపించే మహాభాగ్యం నాకే దక్కింది. టూరిస్టుల ఫొటోల కోసం మధ్యలో ఎర్ర టైల్స్‌తో లవ్ సింబల్. అదీ గంభీరంగానే చదివాను.

"మా ముసిలోడి రాయి ఏటైపోద్ది బాబూ?" అని మా అవ్వ ఇంజినీరుగారిని అడిగింది.

"ఎస్టిమేటు టైల్స్‌కే అమ్మా. రాళ్లు తీసి గోడవారన పేరుస్తాం. మళ్లీ పాతడానికి డబ్బుల్లేవు."

"పేర్సడానికి అయ్యేటి ఇటికలా? కూకున్నోళ్లని లేపేత్తన్నావు."

జనం నవ్వారు. వద్దంటే వచ్చిన డబ్బు వెనక్కి పోతుందని సర్పంచి అనగానే తలలూపారు. ఊపనిది అవ్వ ఒక్కతే. సోమవారం జేసీబీ వస్తుంది.

అన్నం దగ్గర అవ్వ మళ్లీ ఎత్తింది. "ఒరే గుంటడా, రేపు నాను పోతే నా రాయి ముసిలోడి పక్కనే గదా ఎట్టాలి. ఎక్కడెడతావు?"

లవ్ సింబల్ మీద జోకొకటి నాలుక చివరిదాకా వచ్చింది. ముద్దతో పాటు మింగేశాను.

"చూద్దాంలే అవ్వా."

"బేగి సూడు" అంది, చెయ్యి కడుక్కుంటూ.