మేక వాటా

అత్తయ్యా,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన గుణదల కొండ మీదికి ఏ కూరగాయల బండీ ఎక్కదు కాబట్టి, పొద్దుగూకే వేళకి మీరే కిందికి దిగి, బజారులో అందరూ ఏరుకోగా మిగిలిన ఆకుకూర తెచ్చేవారు. గడప దగ్గర కూర్చుని బాగుచేస్తూ, "సగం మనకి, సగం మేకకి అమ్మాయ్" అనేవారు. వడిలిన ఆకంతా పక్కింటి పిన్నిగారి మేకకే పోయేది.

ఈమధ్య కొండ మీది ఆడవాళ్లమంతా కలిసి మెట్ల మలుపులో కూరల కొట్టు పెట్టుకున్నాం. కంకిపాడు రైతులు తెల్లారేసరికి కింద సరుకు దించుతారు. మేం తలా ఓ బుట్ట పైకి మోస్తాం. మీకిష్టమని ఇవాళ తోటకూర తెచ్చాను. గడప దగ్గర మీ చోటులోనే కూర్చుని బాగుచేశాను. వేళ్లు తప్ప తీసి పారేయడానికి ఏమీ దొరకలేదు.

అలవాటు ప్రకారం మేక వచ్చి గడప ముందు నిలబడింది.

"ఇవాళ దానికేం లేదామ్మా?" అని పిన్నిగారు అడిగారు.

"ఒక్క ఆకూ వడిలిపోలేదండీ" అన్నాను.

అయినా అది కదల్లేదు. పళ్లెంలోంచి గుప్పెడు లేతాకు తీసి దాని ముందు పెట్టాను.

ఇన్నేళ్లకి అది కూడా తాజా ఆకు తింది, అత్తయ్యా.