అడ్డంగా కోసిన యాపిల్

అక్కయ్యకు,

నా రాత చూసి నవ్వకు. రంపం పట్టిన చేతికి కలం పట్టు దొరకదు. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. చిన్నప్పుడు నా పలక మీద దిద్దించింది నువ్వేగా.

క్షేమంగా చేరాను. అమ్మాయిని మట్టిలో పెట్టిన చోటు చూసి వచ్చాను. పెద్దదేం కాదు. చుట్టూ రాళ్ళు పేర్చారు. అల్లుడు నన్ను అక్కడ దించి, తను దూరంగా వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఒక రాయి కదులుతుంటే కింద చిన్న పెంకు పెట్టి కదలకుండా చేసి వచ్చాను. అంతే అక్కా నేను చేసింది.

మనవరాలు చిట్టిది అచ్చం వాళ్ళమ్మే. అదే నుదురు, అదే మంకు చూపు. కానీ నన్ను చూస్తే తలుపు వెనక్కి పోతుంది. తాతా అన్న మాటైనా తెలిసుంటుందనుకున్నాను. ఒక్క ముక్క మన భాష రాదు. అంతా అరబ్బీయే. ఎవర్నని ఏం లాభం? అమ్మాయి తెల్లారకముందే ఆసుపత్రి పనికి పోయేది, తిరిగొచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. అల్లుడు అమ్మాయి దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కల్లో చెప్పాడు. “పాప ఎప్పుడూ మా అమ్మ దగ్గరే మామయ్యా. మా అమ్మ మాటే వచ్చింది.”

పిల్లని నాతో పంపడానికి అతను ఒప్పుకున్నాడు. అతనిది లారీ బతుకు, ఇంటి పట్టున ఉండడు. వాళ్ళమ్మకి ఆయాసం, రెండు మెట్లెక్కితే కూర్చుండిపోతుంది. ఒప్పుకున్నాడే గానీ ఆ మాట అన్నాక అన్నం ముందునుంచి లేచి వెళ్ళాడు. నువ్వు కుట్టిచ్చిన గౌనులు ఇంకా నా పెట్టెలోనే ఉన్నాయి. దగ్గరికే రాని పిల్లకి ఎలా తొడగను?

అదీగాక తిండి తినడం లేదు. యాపిల్ పండంటే ప్రాణమట ఇదివరకు. ఇప్పుడు నానమ్మ ముక్కలు కోసి పెడితే పళ్ళెం తోసేస్తుంది. తల్లి మీద బెంగ అంటున్నారు. దాని భాషలో పిలిచి పెడితే తింటుందేమోనని నాకు తోచింది. కింద దుకాణంలో ఒక టైలరున్నాడు, మనవాడే, ఎన్నాళ్ళ కిందటో వచ్చి స్థిరపడ్డాడు. యాపిల్‌ని అరబ్బీలో ఏమంటారని సిగ్గు విడిచి అడిగాను.

“తుఫ్ఫాహ్ అనాలి తాతా.”

“తుప్పా.”

“తుప్పు నీ రంపానికి! చివర ఊపిరి వదలాలి. కళ్ళజోడు తుడిచేముందు అద్దం మీద ఊదుతావు చూడు, అలాగ.”

నా కళ్ళజోడు తీసి చేతికిచ్చాడు. ఊదాను. పొగమంచులా పట్టింది.

“అదీ! ఆ గాలిని మాట చివర అతికించు. జిగురు పెట్టడం నీకు నేను నేర్పాలా?”

స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో అనుకుంటున్నాను. బడిలో ఎక్కాలు కూడా ఇంత భయంగా వల్లించలేదు.

నీ తమ్ముడు


అక్కయ్యకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

వంటింట్లో నేల మీద కూర్చుని, పండు చేతిలో పట్టుకుని ఆ మాట అన్నాను. నానమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చిట్టిది తలుపు వెనకనుంచి తల బయటపెట్టి నన్ను దిద్దింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ దిద్దింది. అచ్చం నువ్వే. దగ్గరికొచ్చి నా నోట్లోకి చూసింది, మాట ఎక్కడ ఇరుక్కుందో అన్నట్టు.

సరేనని కత్తి తీసుకున్నాను. నానమ్మ నిలువుగా చీలికలు కోస్తుంది. నా చెయ్యి మాత్రం దానంతటదే పండుని పక్కకి పడుకోబెట్టి అడ్డంగా కోసింది. అమ్మ జామకాయలు కోసేది చూడు, చక్రాల్లాగ, ముక్క పెద్దదా చిన్నదా అని మనం కొట్టుకోకుండా. నాకు తెలిసిన కోత అదొక్కటే. మధ్యలో గింజలు నక్షత్రంలా కనపడ్డాయి.

పిల్ల కదలకుండా నిలబడిపోయింది అక్కా. ఒక చక్రం తీసుకుంది. అంచు చుట్టూ కొరుక్కుంటూ తిని మధ్యది ఆఖరికి దాచుకుంది. ‘ఎలక కొరికినట్టు ఏమిటే ఆ తినడం’ అని నువ్వు వాళ్ళమ్మని కసిరేదానివి గుర్తుందా? పండంటే ఇష్టం లేక కాదు. వాళ్ళమ్మ సెలవు రోజుల్లో అలాగే కోసి పెట్టి ఉంటుంది, అది పోయాక ఎవరూ ఆ కోత కోసి పెట్టలేదు.

ఆ పూటనుంచి నన్ను వదల్లేదు. టైలరు, “ఇంకేం తాతా, గౌను తొడిగి ఎత్తుకుపో” అన్నాడు. నాకూ అదే ఆశ. పెట్టె తెరిచి పసుపుపచ్చ గౌను పైన పెట్టుకున్నాను కూడా.

మర్నాడు పిల్లని తీసుకుని పళ్ళ దుకాణానికి వెళ్ళాను. తుఫ్ఫాహ్ అన్నాను. బాగానే వచ్చింది. దుకాణందారు ఏదో అడిగాడు. ఎర్రవా పచ్చవా అనో, ఎన్ని కావాలనో. మళ్ళీ తుఫ్ఫాహ్ అన్నాను. ఇంకోటడిగాడు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. వెనక ఉన్నవాళ్ళు నవ్వారు, చెడ్డగా కాదు, ఊరికే. నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు చిట్టిది నా వేలు పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, గడగడా చెప్పింది. బేరం కూడా ఆడినట్టుంది. దుకాణందారు దాని పేరు పెట్టి పిలిచి ఒక పండు కొసరు వేశాడు. దోవ పొడుగునా అందరితో కబుర్లే. అక్కడ అది మహారాణి అక్కా.

నేను ఈ వయసులో, ఈ నాలుగు రోజులకే, మూగవాడినై చచ్చిపోయాను. నాకైతే ఉత్తరం రాసుకోవడానికి నువ్వున్నావు. తల్లిపోయిన పిల్ల, మన మధ్యకొచ్చి, ఆకలని చెప్పాలంటే ఎవరితో చెప్తుంది? నేర్చుకుంటుందిలే అంటావు. నేర్చుకుంటుంది. అందాకా?

ఇంటికొచ్చి నానమ్మని పిలిచి కత్తి ఇచ్చాను. పండు పక్కకి పడుకోబెట్టి చూపించాను. అలవాటుకొద్దీ నిలువుగానే కోసింది. తలూపాను. మళ్ళీ నిలువుగానే. మూడో పండుకి అడ్డంగా కోసింది. ఆ చక్రం చేతిలో పెట్టుకుని చూసి చూసి, పీట మీద కూలబడి ఏడ్చింది. ఏదో అంది. గుమ్మంలో ఉన్న అల్లుడు నాకు చెప్పాడు. “కోడలికి పండు కొయ్యడం రాదనుకునేదాన్ని అంటోంది మామయ్యా.”

చిట్టిది వచ్చి ఆవిడ చేతిలోది తీసుకుని, అంచు కొరుక్కుంటూ తింది. ఆవిడ ఒళ్ళోనే కూర్చుని తింది. నేను గదిలోకి వెళ్ళి పెట్టె సర్దుకున్నాను. గౌనులు బయట పెట్టేశాను. పసుపుపచ్చది తొడిగితే వదులైంది, పెరుగుతుందిలే.

ఒక్కడినే వస్తున్నాను. పిల్ల ఇక్కడే ఉంటుంది, ఆవిడకి ఆయాసమైనా వీధంతా దానివాళ్ళే. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. అల్లుడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చిట్టిదానికి మంచం మీద దుప్పటి పరిచి ఉంచావని తెలుసు. ఆ దుప్పటి మడిచి లోపల పెట్టెయ్యి, నేను వచ్చేసరికి కనపడకుండా.

నీకు కోపం వస్తుంది. రానీ. కానీ నేను బయల్దేరేలోపు అందేటట్టు త్వరగా జవాబు రాయి. తిట్లైనా సరే, మన మాటలో చదువుకుంటాను.

నీ తమ్ముడు