మీ అక్క పలికిన పేరు

ఓబులేసూ,

పెళ్లప్పుడే రిజిస్టరు చేయిద్దామంటే, “ఊరంతా చూసింది, కాగితమెందుకు బావా” అని నవ్వినావు. ముప్పై ఏళ్లయినా ఆ నవ్వు నేను మరవలేదు. ఇన్నాళ్లూ పాస్‌పోర్టు చూసి సరేనన్న మస్కట్ ఆఫీసులో, మీ అక్క వీసా పొడిగించడానికి ఈసారి పెళ్లి కాగితం అడిగారు.

మొగుడి పేరేమని అడిగితే, నా పేరు ఎన్నడూ పలకని మనిషి తల వంచుకుంది. ఆఫీసరుకు అనుమానమొచ్చింది. అప్పుడు తలెత్తి, ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది. నా పేరు అంత పెద్దదని నాకే తెలియదు. ఆఫీసని మరచి ఆమెకు చేతులు జోడించినా.

అయినా కాగితం తెమ్మన్నారు. పంచాయతీలో రాయించి పంపు. ఇరవయ్యో తేదీలోగా అది ఇక్కడికి చేరాలి. వీసా కాదంటే ఆమెను ఒంటరిగా విమానం ఎక్కించను. ఈ సమాయిల్ ఊరి ఖర్జూరపు తోటలో డ్యూటీ వదిలి నేనూ వస్తా.

మీ బావ