పైకి లేచేవి వద్దన్న అత్తమ్మ

శంషాబాద్,
మే 2011

శ్రీవారికి సంతోషి నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మ, పిల్లలు, నేను బాగున్నాం. సరిహద్దు చలిలో డ్యూటీ చేస్తూ మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో అడిగారు కదా, సుమలత అత్తవారింట్లో చక్కగా కుదురుకుంది. బోరు మోటరు కూడా బాగైంది. ఇక "నా చెల్లె పెళ్ళికి రాకెట్లు ఘనంగా కాల్చారా?" అన్నారు. పోయిన సెలవులో ముచ్చటపడి తెచ్చిన పెట్టె సంగతే కదా! చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

పెళ్ళివారికి ఎదురెళ్ళి స్వాగతం చెప్పే ఎదురుకోళ్ళప్పుడు ఆకాశంలో పేలే పటాకులు కావాలని పెళ్ళికొడుకు తరఫు కొత్తూరు వాళ్ళు ముందే అడిగారు. విమానాలు మన ఇంటి మీదుగా దిగుతాయి కాబట్టి అనుమతి తీసుకోవాలని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరివ్వాలో మాత్రం తెలియదు. అత్తమ్మ ఏం చేసిందనుకున్నారు? నేరుగా ఎయిర్‌పోర్టు గేటు దగ్గరికే వెళ్ళింది! విమానాలు వాళ్ళవి కనుక వాళ్ళనే అడగాలని ఆమె లెక్క. తుపాకీ పట్టుకున్న జవానుతో తనకొచ్చిన ఉర్దూలో మాట్లాడి, అతని ఊరూ పేరూ కనుక్కుని, పోలీసులను అడగాలని తెలుసుకుని మరీ వచ్చింది. నేనైతే ఆ గేటు చూసే వెనక్కి తిరిగేదాన్ని.

ఠాణాలో ఎస్సై మర్యాదగానే చెప్పాడట. వాకిట్లో నేలమీద కాల్చేవి రాత్రి పదింటిలోపు కాల్చుకోవచ్చు, పైకి లేచేవాటికి మాత్రం అనుమతి ఇవ్వలేనని. "ఎవడు చూస్తడు, ముట్టియ్యి వదినా" అని చుట్టాలు ఎంత చెప్పినా అత్తమ్మ ఒప్పుకోలేదు.

పెళ్ళినాడు పొద్దుగూకే వేళ పెళ్ళికొడుకు మేనమామ బిక్షం మన ఇంటి ముందే కారు ఆపించాడు. "రాకెట్లు లేవందే మా పిలగాడు దిగడు. లేకుంటే ఇగ వాపస్ పోతం" అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. లోపల సుమలత ఏడుపందుకుంది.

అత్తమ్మ కొంగు బిగించి కారు ముందుకు వెళ్ళింది. "అన్నా, అడిగిన, ఇయ్యలే. వద్దన్నంక గూడ కాలిస్తే ఇగ అడిగుడెందుకు? పైన విమానంల పోయేటోళ్ళు గూడ ఎవరింటికో చుట్టాలే. మనింట్ల పెండ్లని వాళ్ళను పరేషాన్ జేస్తమా?"

పెళ్ళికొడుకు నవీన్‌కుమార్ తనే తలుపు తీసుకుని దిగాడు. "అగ్గిపెట్టె ఇయ్యి అత్తమ్మా, నేనే ముట్టిస్త" అని వాకిట్లో చిచ్చుబుడ్లు వరసగా వెలిగించాడు. మీ చెల్లెలికి మంచి మొగుడు దొరికాడు, నిశ్చింతగా ఉండండి.

ఇప్పుడు ఇంతసేపూ దాచిన మాట. బిక్షం వాపస్ పోతామన్నప్పుడు నేను భయంతో మీ పెట్టె దింపి, గోడచాటున ఒక రాకెట్టును సీసాలో నిలబెట్టాను. అత్తమ్మ ఇంకాస్త ఆలస్యంగా నోరు విప్పి ఉంటే ముట్టించేదాన్నే. ఆమె చూసింది. అయినా తిట్టలేదు. మర్నాడు నేనే దగ్గర కూర్చుని, పెళ్ళి ఆగిపోతుందేమోనన్న భయం కూడా లేకుండా ఎట్లా నిలబడ్డావని అడిగాను.

"భయమైంది బిడ్డా, ఎందుకు గాదు. నువ్వు గూడ సుమలత కోసమే తీసినవ్, నాకు ఎరికే. గానీ దసరకు నా కొడుకు జగన్ విమానంల వస్తనన్నడు గద. వాడు గూడ గీ తొవ్వనే దిగుతడు" అంది.

నేను లేచి వెళ్ళి, మీ పెట్టెను నా చేతులతోనే నీళ్ళ తొట్టిలో ముంచాను.

ఇట్లు,
మీ అమ్మకు కోడలినైనందుకు గర్వపడే
మీ ఇల్లాలు
సంతోషి