ఉడుము బయటికొచ్చింది

మల్లన్నా,

సైటు వెనక బొరియలోంచి ఇవాళ ఉడుము బయటికొచ్చింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన ఊళ్ళో అంటారు. "ఖతర్ల ఆ లెక్క నడ్వదురా, ఉడుము బయటకొస్తెనే చలి పోయినట్టు" అనేవాడివి నువ్వు. అది కనబడిన రోజే గదిలో అందరం దుప్పట్లు మడిచి పెట్టెల్లో పెట్టేవాళ్ళం. ఇక మిగతా నెలలన్నీ ఎండలోనే డ్యూటీ అని నిట్టూర్చేవాళ్ళం.

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ సామాను ఇంటికి పంపినప్పుడు దుప్పటి మాత్రం నేనే ఉంచుకున్నాను. ఈ చలికాలమంతా అదే కప్పుకున్నాను.

సాయంత్రం క్యాంపుకు తిరిగొస్తుంటే బస్సులో మన గది సాయన్న అడిగాడు.

"ఉడుము కనబడ్డదారా?"

ఒంటి మీద చొక్కా చెమటకు తడిసి ఉంది.

"లేదే, ఇంకా కనబడలే" అన్నాను.

కనబడిందంటే నీ దుప్పటి కూడా మడవాలి కదన్నా.